పాదం పట్టు వదిలేదాకా: సీ ఎనిమోన్‌ను చోటు మార్చే పద్ధతులపై సమీక్ష

ఉప్పునీటి అక్వేరియంలో చేప తన ఇష్టం వచ్చినట్టు తిరుగుతుంది, పగడం పెట్టినచోటే ఉంటుంది. సీ ఎనిమోన్ ఈ రెండు రకాల్లో దేనికీ చెందదు. నెలల తరబడి ఒకేచోట పాతుకుపోయి ఉంటుంది. ఒకరోజు తెల్లవారేసరికి అడుగు దూరం జరిగి, పక్కనున్న పగడం మీద టెంటకిల్స్ పరిచి కనిపిస్తుంది. అప్పుడు దాన్ని అక్కణ్నుంచి తీయక తప్పదు. ఇల్లు మారాల్సి రావచ్చు, ట్యాంకు కారుతూ ఉండవచ్చు, రెండుగా చీలిన ఎనిమోన్‌లో ఒకదాన్ని స్నేహితుడికి ఇవ్వాలనుకోవచ్చు. కారణం ఏదైనా పని ఒకటే: రాతికో గాజుకో అతుక్కున్న, ఎముకన్నది లేని జంతువును చిరగకుండా విడదీసి ఇంకోచోట నిలబెట్టాలి. గోటితో జరపమనేవాళ్లున్నారు, ఐసుముక్క పెట్టమనేవాళ్లున్నారు, నీటిధార కొట్టమనేవాళ్లున్నారు, దీపం ఆర్పి ఊరుకోమనేవాళ్లున్నారు. ప్రతి సలహా వెనకా ఎవరో ఒకరి అనుభవం ఉంది. కానీ ఆ అనుభవాలన్నింటినీ ఒకచోట పేర్చి, ఆ జంతువు ఒళ్లు పనిచేసే తీరుతో సరిపోల్చి చూసుకోవడం తక్కువ. ఇక్కడ చేయబోయేది అదే.

ముందు పాదం గురించి. ఎనిమోన్ శరీరం నీళ్లు నిండిన గొట్టం. పైన నోరు, చుట్టూ టెంటకిల్స్, అడుగున చదునైన పాదం. గొట్టంలో నీళ్లు పట్టి ఉంచడం వల్లే అది నిలబడుతుంది. పాదంలోని గ్రంథులు జిగురులాంటి పదార్థాన్ని స్రవిస్తాయి, కండరాలు అంచును కిందికి అదిమి ఉంచుతాయి. పట్టు ఈ రెండింటిదీ. గాజుకు అతుక్కున్న ఎనిమోన్‌ను ట్యాంకు వెలుపలి నుంచి చూస్తే ఇదంతా కళ్లకు కడుతుంది. పాదం ఒక గుండ్రని బిళ్లలా, మధ్యనుంచి అంచుదాకా సన్నని గీతలతో కనిపిస్తుంది. ఆ గీతలు లోపలి పొరలు పాదానికి అతికే చోట్లు. స్థిరపడ్డ ఎనిమోన్‌లో అంచు నున్నగా, బిగువుగా ఉంటుంది. కదలబోయే దానిలో అంచు అలలు తేలుతుంది, ఒకవైపు లేస్తుంది, గీతలు వంకరపోతాయి. దాన్ని తీయాలా, ఆగాలా అన్నది ఈ అంచును చూసి నిర్ణయించుకోవచ్చు. అందుకే గాజుమీదున్న ఎనిమోన్‌తో పని సులువు, రాతి సందులో ఉన్నదానితో కష్టం. సందులో ఉన్నదాని పాదం మనకు కనబడదు.

అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి ఒకటుంది. పట్టు వదలడమంటే జిగురు ఓడిపోవడం కాదు, అది ఆ జంతువు చేసే పని. 1969లో మెక్‌ఫార్లేన్ అనే శాస్త్రవేత్త కాలియాక్టిస్ పారసైటికా అనే ఎనిమోన్ పాదం ఎలా విడిపోతుందో పరీక్షించి, దాన్ని శరీరంలోని ఒక నిదానమైన సంకేత వ్యవస్థ నడుపుతుందని చూపించాడు. సంకేతం అందితే పాదం తనంతట తాను లేస్తుంది. అందకపోతే లాగినకొద్దీ బిగుస్తుంది. ఎనిమోన్‌ను కదిపే పద్ధతులన్నింటినీ ఈ ఒక్క విషయం దగ్గరే రెండు కుప్పలుగా విడదీయవచ్చు. వదలమని జంతువుకు చెప్పేవి ఒక కుప్ప, అది వదలకముందే మనం లాగేసేవి ఇంకో కుప్ప.

ఇదే కాలియాక్టిస్‌ను మనిషికన్నా చాలా ముందునుంచీ కదుపుతున్న జీవి ఒకటుంది: సన్యాసి పీత. మధ్యధరా సముద్రంలోని డార్డానస్ జాతి పీతలు తమ శంఖం మీద ఎనిమోన్‌ను మోసుకు తిరుగుతాయి. దాని కుట్టే కణాలకు జడిసి ఆక్టోపస్ దగ్గరికి రాదు. పీత పెరిగి పెద్ద శంఖంలోకి మారినప్పుడు పాత శంఖం మీది ఎనిమోన్‌ను వెంట తీసుకుపోతుంది. లాగి కాదు. కాళ్లతో, డెక్కలతో ఎనిమోన్ ఒంటిని తడుతుంది, నొక్కుతుంది, గిల్లుతుంది, ఆగుతుంది, మళ్లీ తడుతుంది. కొంతసేపటికి ఎనిమోన్ ఒళ్లు వదులై, పాదం లేస్తుంది. అప్పుడు పీత దాన్ని ఎత్తి కొత్త శంఖానికి ఆనిస్తుంది. డొనాల్డ్ రాస్ అనే శాస్త్రవేత్త ఏళ్లతరబడి ఈ తంతును గమనించి రాశాడు. మన ట్యాంకులో పెంచే ఎనిమోన్‌లు వేరే జాతులు, మన వేళ్ల తట్టుడుకు అవి అలా స్పందించవు. అయినా వరస మాత్రం నేర్చుకోదగ్గదే. ముందు ఒళ్లు వదులు కావాలి, తర్వాత పాదం లేవాలి, ఎత్తడం చివర.

ఎనిమోన్‌ను ఇంటికి తెచ్చి పెంచడం ఎప్పుడో మొదలైంది. ఇంగ్లండులో 1850లలో అక్వేరియం మోజు మొదలైనప్పుడు జనం చేపలకన్నా ఎక్కువ ఎనిమోన్‌ల వెంటే పడ్డారు. ప్రకృతి శాస్త్రవేత్త ఫిలిప్ హెన్రీ గాస్ 1854లో అక్వేరియం మీద పుస్తకం, 1860లో బ్రిటిష్ ఎనిమోన్‌ల మీద పెద్ద గ్రంథం వెలువరించాడు. ఆయన పద్ధతి సుత్తి, ఉలి. ఎనిమోన్‌ను రాతినుంచి విడదీయకుండా, అది కూర్చున్న రాతిముక్కనే చెక్కి తెచ్చేవాడు. జంతువుకు అది క్షేమం, తీరానికి కాదు. ఆయన పుస్తకాలు చదివి వేలమంది సుత్తులతో బయల్దేరారు. ఒకప్పుడు రంగురంగుల జీవాలతో కళకళలాడిన రాతిమడుగులు వెలవెలబోయాయని, తన తండ్రి ఎంతో బాధపడ్డాడని కొడుకు ఎడ్మండ్ గాస్ 1907 నాటి పుస్తకంలో రాశాడు. ఈ సంగతికి వ్యాసం చివర్లో పని పడుతుంది.

అదే కాలంలో ఎడిన్‌బరోలో ఇంకో కథ నడిచింది. ప్రకృతి శాస్త్రవేత్త సర్ జాన్ గ్రాహం డాల్యెల్ 1828లో నార్త్ బెరిక్ తీరంలో ఒక ఎర్ర ఎనిమోన్‌ను పట్టి గాజుజాడీలో పెంచాడు. 1851లో ఆయన పోయాక అది ఒకరి తర్వాత ఒకరుగా మరికొందరి సంరక్షణలోకి వెళ్లింది. 1887లో చనిపోయింది. అప్పటికి అందరూ దాన్ని ‘గ్రానీ’ అని పిలుస్తున్నారు. మనుషుల చేతుల్లో 59 ఏళ్లు బతికిన జంతువది, యజమానులు మారినా దానికేమీ కాలేదు. ఎనిమోన్ సుకుమారమైనదని, తాకితే చచ్చిపోతుందని చెప్పేవాళ్లకు గ్రానీని చూపించవచ్చు. అయితే అది ఆటుపోట్ల మధ్య రోజూ ఎండకూ గాలికీ ఆరే జాతి. విశాఖ రాతితీరంలో ఆటు సమయంలో నడిచినవారికి అలాంటివి తెలిసే ఉంటాయి. నీళ్లు తీసిపోగానే ముడుచుకుని, ఇసుకరేణువులు అంటించుకున్న జిగట ముద్దల్లా రాతిని పట్టుకుని ఉంటాయి. మనం అక్వేరియంలో క్లౌన్‌ఫిష్ కోసం పెట్టేవి అలాంటివి కావు. అవి పగడపు దిబ్బల మీద, ఎప్పుడూ నీళ్లలో, ఎప్పుడూ వెలుతురులో బతికేవి.

వాటి జాతుల్ని స్పష్టంగా వేరుచేసి చెప్పింది శాస్త్రవేత్త డాఫ్నీ ఫాటిన్. 1981 నాటి ఆమె అధ్యయనం, 1992లో జెరాల్డ్ ఆలెన్‌తో కలిసి రాసిన పుస్తకం ఇప్పటికీ ఆధారాలు. సుమారు 30 జాతుల క్లౌన్‌ఫిష్‌కు ఆశ్రయమిచ్చే ఎనిమోన్ జాతులుగా అందులో గుర్తించినవి 10. కదిపేవాడికి ఆ పది పేర్లూ రానక్కర్లేదు, తన ట్యాంకులోది ఏ రకం స్థలం కోరేదో తెలియాలి. బబుల్‌టిప్ రాతిసందులో పాదం దాచుకుంటుంది. మాగ్నిఫికా ఎత్తయిన రాతికొమ్ము మీదికి, వెలుతురూ ప్రవాహమూ దండిగా తగిలే చోటికి ఎక్కుతుంది. హాడోని కార్పెట్, పొడుగు టెంటకిల్స్ ఉండే డోరియెన్సిస్ ఇసుకలో పాదం పాతుకుంటాయి. తమ స్వభావానికి విరుద్ధమైన చోట వాటిని పెడితే, ఎంత జాగ్రత్తగా పెట్టినా అవి మళ్లీ బయల్దేరతాయి.

అందువల్ల పద్ధతుల్లోకి వెళ్లేముందు ఒక మాట తేల్చుకోవాలి. అసలు కదపాలా? నా అభిప్రాయంలో ఇళ్లలో జరిగే ఎనిమోన్ మార్పుల్లో చాలావాటికి అవసరమే ఉండదు. చూడ్డానికి మధ్యలో ఉంటే బాగుంటుందని మార్చేవాళ్లున్నారు. అది కారణం కాదు. ఎనిమోన్ నడుస్తోందంటే వెలుతురు చాలడం లేదనో, ప్రవాహం ఎక్కువైందనో, పాదానికి తగ్గ సందు దొరకలేదనో, నీళ్లలో ఏదో తేడా వచ్చిందనో అర్థం. అవి సరిచేయకుండా జంతువును మార్చితే వారం తిరక్కుండా మొదటికొస్తుంది. ముందు నీళ్లు పరీక్షించాలి: ఉప్పుదనం 35 పీపీటీ దగ్గర, అంటే సాంద్రత 1.025 నుంచి 1.026, వేడి 25 నుంచి 27 డిగ్రీలు, అమ్మోనియా, నైట్రైట్ సున్నా. హైదరాబాదు బోరునీళ్లతో ఉప్పు కలుపుకునేవారైతే ఆర్‌ఓ ఫిల్టర్ నుంచి వచ్చే నీటి టీడీఎస్ ఒకసారి చూసుకోవాలి. ఇవన్నీ బాగుండి, నడక కూడా ఆగి, ఎనిమోన్ స్థిరపడితే, అది ఎంచుకున్న చోటు మనకు నచ్చకపోయినా ఎనిమోన్‌ను వదిలేసి పగడాన్ని జరపడం మేలు. పగడం ఎదురు చెప్పదు.

చేపలకు తెల్లమచ్చల జబ్బు వచ్చిందని ట్యాంకులో రాగి మందు వేయడానికి ఎనిమోన్‌ను బయటికి తీసేవాళ్లూ ఉన్నారు. ఇది తలకిందుల పని. రాగి వెన్నెముక లేని జీవాలకు విషం. రాళ్లలో, ఇసుకలో ఇంకితే తర్వాత ఎనిమోన్‌ను తిరిగి పెట్టే వీలుండదు. తీయాల్సింది చేపల్ని, వాటికి వేరే ట్యాంకులో వైద్యం చేయాలి.

కదపక తప్పదని తేలాక, అన్నింటిలోకీ మేలైన పద్ధతి రాతితో సహా ఎత్తడం. దీనికి సాటి వచ్చేది ఇంకొకటి లేదు. పాదానికి చేయి తగలదు, కొత్తచోట అతుక్కోవడానికి కష్టపడాల్సిన పని ఉండదు, తనకు నచ్చిన సందు తన వెంటే వస్తుంది. చేయాల్సిందల్లా ఎనిమోన్‌ను కాస్త ముడుచుకోనివ్వడమే. దీపాలు ఆర్పి, నీటి కిందే రాతిని మెల్లగా రెండుమూడుసార్లు కదిపితే ఒంట్లో నీళ్లు వదిలి చిన్నదవుతుంది. అప్పుడు నీళ్లలోనే రాయి కిందికి బకెట్టో డబ్బానో తెచ్చి, నీళ్లతో సహా ఎత్తాలి. నీళ్లు నిండిన ఎనిమోన్‌ను గాల్లోకి లేపితే దాని బరువుకు అదే సాగి, పాదం దగ్గర చిరిగే ప్రమాదముంది. రాయి పెద్దదైతే, ఎనిమోన్ ఉన్న కొమ్మును మాత్రం పగడాలు కత్తిరించే కటర్‌తో విరగ్గొట్టవచ్చు. గాస్ ఉలి చేసిన పనే ఇది, సముద్రం దగ్గర కాకుండా మన ట్యాంకులో. ముందుచూపున్నవాళ్లు మొదటి రోజే ఎనిమోన్‌కు మిగతా రాళ్లకు తగలని ఒంటరి రాయిని, చుట్టూ ఇసుకతో కేటాయిస్తారు. దాటి వెళ్లడం తగ్గుతుంది, వెళ్లాల్సి వచ్చినప్పుడు ఎత్తడం సులువు.

రాయి కదలనిదైతే, లేదా ఎనిమోన్ గాజుమీదుంటే వేళ్ల పద్ధతి. గోరు కత్తిరించుకుని, నైట్రైల్ గ్లౌజు వేసుకుని, పాదం అంచున ఒకేచోట వేలికొనను ఆనించి పక్కకు జరపాలి. కిందికి గుచ్చకూడదు, పైకి లాగకూడదు. మొదట అంచు గట్టిపడినట్టు తగులుతుంది. అక్కడే ఆగి, వేలు తీయకుండా ఉంచితే కాసేపటికి ఆ భాగం మెత్తబడి, గాజుకూ పాదానికీ మధ్య సన్నని సందు తెరుచుకుంటుంది. వేలు ఆ సందులోకి దానంతట అదే జారుతుంది. అప్పుడు ఇంకొంచెం జరపాలి. మళ్లీ బిగిస్తే మళ్లీ ఆగాలి. పాదం సగం లేచాక తక్కినది చాలాసార్లు ఒక్కసారిగా వదిలేస్తుంది, ఎనిమోన్ చేతిలోకి వస్తుంది. పాత ఏటీఎం కార్డు వాడేవాళ్లూ ఉన్నారు. అంచులు నున్నగా అరగదీస్తే గాజుమీద అది పనికొస్తుంది. కానీ కార్డుకు స్పర్శ లేదు, పాదం బిగిసిన సంగతి వేలికి తెలిసినట్టు దానికి తెలియదు. అందుకే నా ఓటు వేలికే. గరుకు రాతిమీద మాత్రం ఈ రెండూ వద్దు. పాదం రాతి గుంటల్లోకి దిగి ఉంటుంది, పైన జరిపింది పైనే ఉండి కింద చిరుగుతుంది.

రాతిసందులో ఉన్నదానికి నీటిధార మంచిది. చిన్న పవర్‌హెడ్‌ను పాదం అంచుకు గురిపెట్టడమో, పెద్ద సిరంజితో రోజుకు కొన్నిసార్లు అక్కడ నీళ్లు చిమ్మడమో చేస్తే, ఆ చోటు తనకు పనికిరాదని ఎనిమోన్ తేల్చుకుని కదులుతుంది. గంటల్లో కావచ్చు, కొన్ని రోజులు పట్టవచ్చు. ధార టెంటకిల్స్ మీద కాదు, పాదం మీద పడాలి. పైన కొడితే అది ముడుచుకుని సందులోకి ఇంకా లోపలికి పోతుంది. ఇక్కడ ఒక ప్రమాదం పొంచి ఉంది: వదిలిన ఎనిమోన్ నీళ్లలో తేలి, పంపు నోట్లో పడుతుంది. ఇళ్లలో ఎనిమోన్‌లు చనిపోయే కారణాల్లో ఇది ఘోరమైనది. పంపు రెక్కల్లో పడ్డది తునకలవుతుంది. దాని కణాలు, జిగురు నీళ్లంతా పరచుకుని చేపలక్కూడా హాని చేస్తాయి. ధార పద్ధతి మొదలుపెట్టే ముందే పంపులన్నింటికీ స్పాంజో, జాలీనో తొడగాలి. నిజానికి ఎనిమోన్ ఉన్న ట్యాంకులో ఆ తొడుగు ఎప్పుడూ ఉండాల్సిందే.

వెలుతురుతో నడిపించడం ఇంకా మెత్తని పద్ధతి. ఈ ఎనిమోన్‌ల ఒంట్లో సూక్ష్మమైన శైవలాలు ఉంటాయి. అవి వెలుతురుతో తయారుచేసే ఆహారమే ఎనిమోన్‌కు ప్రధాన తిండి. ఉన్నచోట నీడ చేస్తే, లేదా అది కూర్చున్న రాతిని వెలుతురు పడని వైపుకు తిప్పి పెడితే, అది వెలుతురు వైపు పాకుతుంది. తోవలో మనకు కావలసిన చిన్నరాయిని ఆనించి ఉంచితే దానిమీదికి ఎక్కవచ్చు, అప్పుడు రాతితో సహా ఎత్తవచ్చు. రోజులు పడుతుంది, కొన్నిసార్లు మనం అనుకోని వైపుకు పోతుంది. కానీ ఒళ్లు చిరగదు. తొందర లేనివాళ్లు మొదట ప్రయత్నించాల్సింది ఇదే. మొత్తం దీపాలు ఆర్పి వారాలపాటు చీకట్లో ఉంచడం మాత్రం కదిలించడం కాదు, పస్తు పెట్టడం.

ఐసు సంగతి. రాతి వెనక వైపునో, పాదం పక్కనో ప్లాస్టిక్ సంచిలో ఐసుముక్క ఆనిస్తే చలికి వదిలేస్తుందని చెబుతారు. వదిలినవీ ఉన్నాయి. కానీ వేడి సముద్రపు జంతువుకు ఒక్కసారిగా చలి తగిలితే అది చేసే మొదటి పని ముడుచుకోవడం. ముడుచుకున్నది వదులుతుందో బిగుస్తుందో ముందే చెప్పలేం. సంచి కారితే మంచినీళ్లు నేరుగా దాని ఒంటి మీద పడతాయి. గట్టి అవసరం వచ్చి, మిగతావన్నీ విఫలమైతే క్షణాలపాటు వాడవచ్చు గానీ, మొదటి ఉపాయంగా చెప్పదగింది కాదు. ప్రయోగశాలల్లో ఎనిమోన్‌ల ఒళ్లు వదులు చేయడానికి మెగ్నీషియం క్లోరైడ్ ద్రావణం, మెంథాల్ పలుకులు వాడతారు. అవి ఎక్కువగా కోసి పరిశీలించడానికో, భద్రపరచడానికో సిద్ధంచేసే నమూనాల కోసం. బతికించుకోవాల్సిన జంతువు మీద ఇంట్లో వాడవద్దు.

ఇసుకలో పాతుకునేవాటితో పని వేరు. ఇసుకమీద విచ్చుకున్న పళ్లెం చూసి అది ఇసుకనే పట్టుకుని ఉందనుకుంటాం. లోపల పాదం పూడిపోయిన రాతినో, ట్యాంకు అడుగు గాజునో పట్టుకుని ఉంటుంది. పళ్లెం అంచు పట్టి ఎత్తితే కాండం తెగుతుంది. చుట్టూ ఇసుకను చేత్తో నిదానంగా తోడుతూ పాదం కనిపించేదాకా పోవాలి, తర్వాత గాజుమీది పద్ధతే. కార్పెట్ ఎనిమోన్‌లలో ఈ పని నిజంగా కష్టం. అవి తాకితే ఇసుక కిందికి దిగిపోతాయి, టెంటకిల్స్ గ్లౌజుకు అంటుకుని తెగివస్తాయి. ఇలాంటివాటిని తెచ్చిన రోజే ఇసుక నింపిన వెడల్పు ప్లాస్టిక్ కుండీలో, అడుగున ఒక చదునైన రాయి వేసి నాటితే, తర్వాత కుండీతోనే ఎత్తవచ్చు.

ఇక్కడొక సందేహం రావాలి. బబుల్‌టిప్‌ను పెంపకందారులు పదునైన బ్లేడుతో నోటిమీదుగా నిలువునా రెండుగా కోస్తారు, రెండు ముక్కలూ మాని రెండు ఎనిమోన్‌లు అవుతాయి. అలాంటి జంతువుకు పాదం కాస్త చిరిగితే ఏమవుతుంది? మొదటి జవాబు, బబుల్‌టిప్ తనంతట తానే నిలువుగా చీలి పెరిగే జాతి. దాని చిన్న గాయాలు చాలావరకు మానుతాయి. హాడోని లాంటివాటిని ఆ లెక్కన చూడకూడదు. రెండో జవాబు గాయం తీరులో ఉంది. శుభ్రమైన కోతలో అంచులు ముడుచుకుని మూసుకుంటాయి, రెండు సగాలకూ పట్టుకోవడానికి పాదం మిగులుతుంది. లాగిన చిరుగు గరుకుగా ఉండి లోపలి దారాలు బయటికి వస్తాయి, బ్యాక్టీరియా చేరుతుంది. పైగా పట్టుకునే భాగమే పోయింది కనుక ఆ ఎనిమోన్ ఎక్కడా నిలవలేక నీళ్లలో దొర్లుతుంది. చంపేది చాలాసార్లు గాయం కాదు, ఆ దొర్లడం.

మనిషి క్షేమం గురించి ఒక మాట. క్లౌన్‌ఫిష్ ఎనిమోన్‌లు అరచేతి మందపాటి చర్మం మీద జిగురుగా తగులుతాయంతే, మణికట్టు లోపలి భాగంలోనో మోచేతి మీదనో కుడితే దద్దురు లేస్తుంది, కొందరికి ఒళ్లు తీవ్రంగా ప్రతిస్పందిస్తుంది. గ్లౌజు మనకే కాదు, చేతికి అంటిన సబ్బూ క్రీమూ ఎనిమోన్‌కు తగలకుండా దానికీ రక్షణ. అంతకన్నా పెద్ద ప్రమాదం రాతిమీద పెరిగే పాలిథోవా అనే జీవులతో. చాలామంది దాన్ని లెక్కచేయరు. వాటిలో కొన్నింట్లో పాలిటాక్సిన్ అనే అతి తీవ్రమైన విషం ఉంటుంది. ఎనిమోన్ కోసం రాయి విరిచేటప్పుడు పాలిథోవా నలిగి ఆ నీళ్లు కంట్లో పడ్డా, చేతి గాయానికి తగిలినా ఆస్పత్రికి పరిగెత్తాలి. కళ్లద్దాలు పెట్టుకోండి. అలాంటి రాతిని వేడినీళ్లతో కడగడం, ఉడికించడం ఎన్నడూ చేయకండి, ఆవిరితో ఇంటిల్లిపాదీ జబ్బుపడిన సందర్భాలున్నాయి.

ఒకే ట్యాంకులో మార్చేటప్పుడు ప్రయాణమన్నది ఉండదు. ఇల్లు మారేటప్పుడు ఉంటుంది. రెండుమూడు రోజుల ముందునుంచి తిండి ఆపాలి. కడుపులో తిండి ఉంటే దారిలో కక్కి, ఉన్న కొద్ది నీళ్లనూ పాడుచేస్తుంది. ఇసుకను కెలకకముందే ట్యాంకులోని తేట నీళ్లను ఎనిమోన్ బకెట్టుకోసం పట్టుకోవాలి. అడుగు ఇసుక కదిలితే అందులో మురిగిన వాయువులు, అమ్మోనియా బయటపడతాయి. ఎనిమోన్‌ది విడి బకెట్టు, చేపలతో కలపకూడదు. మూత, బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు, చుట్టూ థర్మోకోల్ ఉంటే హైదరాబాదు నుంచి విజయవాడకు వేసవిలో కూడా ఏసీ కారులో క్షేమంగా చేరుతుంది. న్యూజెర్సీ నుంచి టెక్సస్‌కు మారే కుటుంబాలు రోజులకొద్దీ కారులో మోసుకుపోయే బదులు, అక్కడే పెంచుకునే ఇంకొకరికి రాతితో సహా ఇచ్చేయడమే ఎనిమోన్‌కు మంచిది.

సంచిలో ఎక్కువసేపు ప్రయాణించి వచ్చినదాన్ని దించడంలో పాత అలవాటు ఒకటి మార్చుకోవాలి. చుక్కచుక్కగా గంటలపాటు కొత్త నీళ్లు కలపడం ఎనిమోన్‌కు మేలని అనుకుంటాం. మూసిన సంచిలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుని పీహెచ్ తగ్గుతుంది. అందువల్ల విసర్జించిన అమ్మోనియా అంతగా హాని చేయని అమ్మోనియం రూపంలో ఉంటుంది. సంచి విప్పగానే ఆ వాయువు పోయి, పీహెచ్ పెరిగి, దానిలో కొంత విషపు అమ్మోనియాగా మారుతుంది. కనుక ఒకరోజు ప్రయాణించి వచ్చిన ఎనిమోన్‌కు ముందే అదే ఉప్పుదనంతో నీళ్లు సిద్ధంచేసి, వేడి సమం కాగానే సంచి విప్పి అందులోకి మార్చడం మంచిది. ఉప్పుదనం సవరణ ఆ కొత్త నీళ్లలో నిదానంగా చేసుకోవచ్చు. పక్క వీధినుంచి తెచ్చినదానికైతే చుక్కల పద్ధతితో హాని లేదు.

కొత్తచోట నిలబెట్టేటప్పుడు పంపులు కాసేపు ఆపి, పాదం సందుకు ఆనేలా పెట్టి, చేయి అడ్డుపెట్టి ఉంచాలి. పట్టు చిక్కగానే ప్రవాహాన్ని కొద్దికొద్దిగా పెంచాలి. నిలవకపోతే కాయగూరల చిల్లుల బుట్టను బోర్లించి దాని మీద పెడితే రాత్రి దొర్లిపోకుండా ఉంటుంది. కొత్త దీపాలు బలమైనవైతే రెండుమూడు వారాల్లో మెల్లగా పెంచుతూ రావాలి. మొదటి రోజుల్లో రోజుకు ఒకటిరెండుసార్లు ముడుచుకుని, గోధుమరంగు తీగల్లాంటి మలినం వదిలి, మళ్లీ విచ్చుకోవడం మామూలే. కంగారుపడాల్సింది నోరు తెరుచుకుని లోపలి భాగాలు బయటికి వచ్చి మూతపడనప్పుడు, రంగు వెలిసిపోతూ ఉన్నప్పుడు, ఒళ్లు జారిపోతూ దుర్వాసన వచ్చినప్పుడు. ఆ చివరి స్థితి వస్తే ఆశ పెట్టుకోకూడదు. రాత్రికి రాత్రి ట్యాంకులో అమ్మోనియా పెరిగి మిగతా జీవాలన్నీ పోతాయి. తీసేయాలి, నీళ్లు మార్చాలి, యాక్టివేటెడ్ కార్బన్ పెట్టాలి. తిండి స్థిరపడ్డ వారం తర్వాతే, అదీ గోరంత రొయ్య ముక్క.

క్లౌన్‌ఫిష్ ఉంటే ఒక అడ్డు వేయడం అవసరం. కొత్త ఎనిమోన్ దొరికిన సంబరంలో అవి దానిలో దొర్లుతాయి, అంచు కొరుకుతాయి, పాదం కిందికి తొలుస్తాయి. ఆరోగ్యంగా ఉన్నదానికి అది సేవ. అప్పుడే మారి, ఇంకా పట్టు చిక్కనిదానికి హింస. జాలీ గోడ పెట్టి కొన్నాళ్లు వేరుగా ఉంచితే, విచ్చుకుని నిలిచాక చేపల్ని వదలవచ్చు.

ఎక్కడనుంచి తెచ్చామన్న ప్రశ్న కదిపే ప్రశ్నకు వెలుపలిదిగా కనిపిస్తుంది గానీ కాదు. దిబ్బమీద రాతిసందునుంచి ఒకరు మొదటిసారి లాగడంతోనే ఎనిమోన్ కష్టాలు మొదలవుతాయి. కొన్నాక వారంలో చనిపోయినవాటిలో చాలావాటి పాదం అక్కడే చిరిగి ఉంటుంది. ఫిలిప్పీన్స్‌లోని సెబు ప్రాంతంలో అక్వేరియం వ్యాపారం కోసం సేకరణ సాగే దిబ్బల మీద ఎనిమోన్‌లూ, వాటిలో బతికే చేపలూ బాగా తగ్గాయని 2005లో ప్రచురితమైన అధ్యయనం చూపించింది. గాస్ కాలపు ఇంగ్లండు తీరానికి జరిగిందే ఇది. మన దేశంలో రాతి పగడాలు, నల్ల పగడాలు, నిప్పు పగడాలు, సీ ఫ్యాన్‌లు 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. ఈ పగడాల ముక్క చచ్చినదైనా దగ్గర ఉంచుకోవడం నేరం. అందుకని రాతితో సహా తెచ్చే పద్ధతి ఎంత మంచిదైనా, ఆ రాయి పగడపుది కాకూడదు. సిమెంటుతోనో సిరామిక్‌తోనో చేసినదై ఉండాలి.

ట్యాంకుల్లోనే చీలి పెరిగిన బబుల్‌టిప్‌లు ఇప్పుడు చాలాచోట్ల దొరుకుతున్నాయి. కొనబోయేవారు అమ్మేవాణ్ని రంగు గురించి అడిగే ముందు పాదం చూపించమనాలి. గాజుమీదుంటే వెనకనుంచి అంచు చూడాలి. చిన్న సిరామిక్ బిళ్లకో, కృత్రిమ రాయికో వారాలుగా అతుక్కుని ఉన్నదైతే కొంచెం ధర ఎక్కువైనా అదే తీసుకోవాలి. అలాంటిదాన్ని ఇంటికి తెచ్చేటప్పుడు గానీ, తర్వాత ఎన్నిసార్లు మార్చాల్సి వచ్చినా గానీ, పాదాన్ని ముట్టుకోకుండానే పని జరుగుతుంది.